ఫ్రాంకెన్‌స్టైన్ ప్రాణి మనసు ఏ మెట్టు దగ్గర విరిగింది? చదివినవాళ్ళు చెప్పండి

పెన్నగట్టు (కడప)

అందరికీ నమస్కారం. మేరీ షెల్లీ ‘ఫ్రాంకెన్‌స్టైన్’ చదివినవాళ్ళు ఇక్కడ ఎవరైనా ఉంటే కాస్త మాట్లాడుకుందాం. సినిమాల వల్ల మనకు తెలిసిందల్లా మెడకు బోల్టులు, మాట రాని మూలుగు, చేతులు చాపుకొని నడిచే శవం. నవలలో ఆ ప్రాణి అట్లా ఉండదు. ఎనిమిది అడుగుల ఎత్తు, చూసినవాళ్ళు జడుసుకునే ముఖం, అదంతా నిజమే. కానీ నోరు తెరిస్తే ఆ పుస్తకంలో వాడంత బాగా మాట్లాడేవాడు ఇంకొకడు లేడు. నవల నడుమ ఆరు అధ్యాయాలు వాడి సొంత గొంతులోనే నడుస్తాయి.

పుట్టినప్పుడు వాడికి ఎవరి మీదా పగ లేదు. కళ్ళు తెరిచిన రాత్రే తయారుచేసిన విక్టర్ వాడిని చూసి పారిపోయాడు. అడవిలో పడి తిరిగాడు. ఎవరో బిచ్చగాళ్ళు వదిలిపోయిన నిప్పు కనిపిస్తే, వెచ్చగా ఉంది కదా అని చెయ్యి పెట్టి కాల్చుకున్నాడు. అంత పసితనం. ఆ తర్వాత ఒక పేద కుటుంబం ఇంటిని ఆనుకొని ఉన్న కొట్టంలో దూరి, గోడ సందులోంచి వాళ్ళను చూస్తూ బతికాడు. ఇంట్లో గుడ్డి ముసలాయన డి లేసీ, కొడుకు ఫీలిక్స్, కూతురు అగాథా. వాడు మొట్టమొదట నేర్చుకున్న మాటలు నిప్పు, పాలు, రొట్టె, కట్టెలు. మొదట్లో రాత్రిపూట వాళ్ళ తిండి కొంచెం ఎత్తుకొని తినేవాడు. వాళ్ళే పస్తులుంటున్నారని అర్థమైన రోజు నుంచి మానేశాడు. అడవిలో కాయలూ దుంపలూ తింటూ, రాత్రి కట్టెలు కొట్టుకొచ్చి వాళ్ళ వాకిట్లో పడేసేవాడు. పొద్దున లేచి ఆ కట్టెలు చూసి వాళ్ళు ఆశ్చర్యపోతుంటే లోపల కూర్చొని సంబరపడేవాడు.

ఇట్లాంటివాడు హంతకుడు ఎప్పుడయ్యాడు? వాడి చూపు ఒక్క రోజులో మారలేదు, మెట్టు మెట్టుగా మారింది. ఏ మెట్టు దగ్గర ఇంక వెనక్కి రాలేడని మీకనిపించింది? నా సమాధానం తర్వాత చెప్తా.

ఆరెకరాల మెట్ట (అనంతపురం)

ఇంకేముందక్కా, ఫీలిక్స్ కట్టెతో కొట్టిన రోజే. ముసలాయన ఒక్కడే ఇంట్లో ఉన్నప్పుడు చూసి లోపలికి పోతాడు. ఆయనకు కళ్ళు లేవు కాబట్టి భయపడడు. కూర్చోమంటాడు, మర్యాదగా మాట్లాడతాడు. వాడి జీవితంలో ఒక మనిషి వాడితో నెమ్మదిగా మాట్లాడింది అదే మొదటిసారి. అంతలో పిల్లలు వచ్చేస్తారు. అగాథా మూర్ఛపోతుంది. ఫీలిక్స్ చావబాదుతాడు. మా దగ్గర ఒక వానకు మొలిచిన శెనక్కాయ రెండో వాన పడకపోతే ఎట్లా మాడిపోతుందో, ఆ పూట వాడి ఆశ అట్లా మాడిపోయింది.

అక్కడ ఒక మాట ఉంది, నేను చాలాసార్లు వెనక్కి తిప్పి చదువుకున్నా. ఫీలిక్స్‌ను ముక్కలు ముక్కలుగా చీల్చేంత బలం నాలో ఉంది, అయినా చెయ్యి ఎత్తలేదు అంటాడు. తనను కొడుతున్నవాడి మీద చెయ్యి ఎత్తలేదు. ఆ క్షణంలో కూడా వాడు మంచోడే.

బురుజు నీడ (కర్నూలు)

బాబూ, నువ్వు చెప్పిన మాటతోనే నీ వాదం పడిపోతోంది కదా. చెయ్యి ఎత్తలేదంటే ఆ రోజుకు ఇంకా విరగలేదన్నమాట. మరుసటి రోజు కూడా, తొందరపడ్డాను, ముసలాయనను ముందు బాగా మచ్చిక చేసుకొని ఉండాల్సింది అని తన తప్పే వెతుక్కుంటాడు. మళ్ళీ పోయి మాట్లాడదామనుకుంటాడు. వాళ్ళు ఇల్లు ఖాళీ చేసి పోతున్నారని తెలిశాకే ఆ ఇంటికి నిప్పు పెడతాడు. అదీ మనుషులు లేని ఇంటికి.

నేను రిటైరయిన తెలుగు మాస్టర్ని, ఈ నవల కాస్త ఆలస్యంగా చదివాను. చదువుతున్నంతసేపూ నాకు విభీషణుడు గుర్తొచ్చాడు. ఆయన కూడా అవతలి జాతివాడే. లంక వదిలి వచ్చి ఆకాశంలో నిలబడి శరణు అన్నాడు. సుగ్రీవుడు వద్దన్నాడు, శత్రువు తమ్ముడు, పట్టి చంపండి అన్నాడు. హనుమంతుడు మాత్రం ఇతని ముఖంలో, మాటలో కపటం కనిపించడం లేదన్నాడు. రాముడు అందరి మాటా విన్నాకే అభయమిచ్చాడు. గమనించండి, అక్కడ ఒక సభ జరిగింది. వచ్చినవాడి గురించి తలా ఒక మాట అనుకున్నారు. ఈ ప్రాణి విషయంలో ఆ సభే జరగలేదు. ముసలాయన ‘ఎవరు నువ్వు?’ అని అడిగాడు, జవాబు వినేలోపే కట్టె లేచింది.

ఒంటిమిట్ట రాములవారి ఊరి దగ్గరివాళ్ళకు ఈ పోలిక నేను విడమరచి చెప్పనక్కరలేదు.

ప్రొద్దుటూరు సురభి

సార్, విభీషణుడి కంటే ఘటోత్కచుడు దగ్గర అనిపిస్తుంది నాకు. మాది నాటకాల పిచ్చి ఉన్న ఇల్లు. సురభి నాటకాలు పుట్టింది మన కడప జిల్లా సురభి గ్రామంలోనే, 1885లో ‘కీచక వధ’తో. వాళ్ళ ‘మాయాబజార్’లో ఘటోత్కచుడు వేదిక ఎక్కితే పిల్లలు భయపడరు, చప్పట్లు కొడతారు. కోరలుంటాయి, గద ఉంటుంది, ఆకారం పెద్దది. అయినా అతను మనవాడు. ఎందుకంటే అతనికి అమ్మ ఉంది. ‘మా పెదనాన్నలు, మా చిన్నాన్నలు’ అని చెప్పుకోవడానికి ఒక వరస ఉంది. తలుచుకుంటే వస్తాడు, పని చేసిపెడతాడు.

ఫ్రాంకెన్‌స్టైన్ ప్రాణికి ఆ వరసే లేదు. ఎవరినీ ఏమనీ పిలవలేడు. వాడికి ఒక పేరు కూడా పెట్టలేదు ఆ విక్టర్.

బురుజు నీడ (కర్నూలు)

నాయనా, నాటకం వరకు నీ మాట నిజం. కానీ భారతం ద్రోణపర్వం దాకా పోతే మనసు కలుక్కుమంటుంది. కర్ణుడు ఇంద్రుడిచ్చిన శక్తిని ప్రయోగిస్తే ఘటోత్కచుడు చనిపోతాడు. పాండవులంతా ఏడుస్తుంటే కృష్ణుడు సంతోషిస్తాడు, అర్జునుడు బతికాడని. అక్కడితో ఆగడు. కర్ణుడు చంపకపోయి ఉంటే ఎప్పటికైనా నేనే చంపాల్సి వచ్చేది, వీడు యజ్ఞాలకు అడ్డం, బ్రాహ్మణ ద్వేషి అంటాడు. అన్నాళ్ళు పిలిస్తే వచ్చి మోసినవాడి గురించి!

అదే చోట ధర్మరాజు మాత్రం వేరేగా ఏడుస్తాడు. వనవాసంలో ద్రౌపది నడవలేకపోతే ఎత్తుకొని మోసింది వీడే కదా అని తలుచుకుంటాడు. సహదేవుడి మీద నాకెంత ప్రేమో ఘటోత్కచుడి మీద దానికి రెట్టింపు అంటాడు. ఒకే శవం ముందు రెండు మాటలు. మనవాడు అనడానికి ఒక్కడైనా ఉన్నాడు. రక్తసంబంధం ఉన్నా అవతలివాడే అనడానికీ ఒకడున్నాడు. కాబట్టి వరస ఉంటే అన్నీ ఉన్నట్టే అనుకోవద్దు.

ప్రొద్దుటూరు సురభి

ఇది నాకు తెలీదు సార్. నాటకంలో ఈ ఘట్టం ఎప్పుడూ చూడలేదు. మనసు బరువెక్కింది.

పెన్నగట్టు (కడప)

సార్, మీరు చెప్పింది చదివి కాసేపు అట్లాగే కూర్చుండిపోయాను. ఘటోత్కచుడి మీద విడిగా ఒక చర్చ పెట్టండి, దయచేసి.

నా సమాధానం చెప్తానన్నా కదా. నాకు మెట్టు అంటే సాఫీ వచ్చిన రోజు. ఆమె ఫీలిక్స్ ప్రేమించిన అమ్మాయి, తుర్కీ వర్తకుడి కూతురు. దూరదేశం నుంచి వెతుక్కుంటూ ఆ గుడిసెకు వస్తుంది. ఆమెకు వాళ్ళ భాష ముక్క రాదు. అయినా ఆమె రాగానే ఇల్లంతా వెలిగిపోతుంది. ఫీలిక్స్ ఆమెకు భాష నేర్పిస్తాడు. గోడ ఇవతల మనవాడూ ఆ పాఠాలే నేర్చుకుంటాడు. పైగా ఆమెకంటే తొందరగా నేర్చుకున్నానని గొప్పగా చెప్పుకుంటాడు కూడా. పాపం, వాడి ఆశంతా అక్కడే ఉంది. భాష వస్తే చాలు, నా ముఖం మర్చిపోతారు అనుకున్నాడు.

భాష రానివాళ్ళను కూడా ఇంట్లోకి పిలుస్తారని వాడు కళ్ళారా చూశాడు. భాష వచ్చినా తనను పిలవరని ఆ తర్వాత తెలిసింది. ఫీలిక్స్ దెబ్బ అంత గట్టిగా తగలడానికి కారణం సాఫీకి దొరికిన ఆదరణ. పరాయివాళ్ళకు చోటే లేని లోకం అయి ఉంటే అది వేరే. ఇక్కడ పరాయివాళ్ళకు చోటుంది, వాడికే లేదు.

ఇంకో సంగతి చెప్పాలనిపిస్తోంది. ఈ నవల లండన్‌లో 1818 జనవరిలో వచ్చింది. రచయిత్రి పేరు లేకుండా, 500 కాపీలు. ఆ తర్వాత రెండేళ్ళకు, 1820లో, సి.పి. బ్రౌన్ దొర మా కడపకు ఉద్యోగం మీద వచ్చాడు. తెలుగు నేర్చుకున్నాడు, తన బంగళాలో పండితులను పెట్టుకొని తాటాకు పుస్తకాలకు నకళ్ళు రాయించాడు, నిఘంటువు చేశాడు. ఆయన పేరు మీద గ్రంథాలయం ఎర్రముక్కపల్లిలో ఉంది, నేను కూర్చొని చదువుకునేది అక్కడే. బ్రౌన్ అంటే నాకు చాలా గౌరవం. కానీ ఆయన మన భాష నేర్చుకున్నప్పుడు చేతిలో అధికారం ఉంది, జీతం ఉంది, బంగళా ఉంది. మాటలు తప్పు పలికినా ఎవరూ కట్టె ఎత్తరు. చేతిలో ఏమీ లేనివాడు భాష నేర్చుకొని గడప ఎక్కితే ఏమవుతుందో మేరీ షెల్లీ రాసింది.

ఆరెకరాల మెట్ట (అనంతపురం)

అక్కా, ఇది నాకు బాగా తగిలింది. నేను ఇంజినీరింగ్ బయట ఊర్లో చదివినా. హాస్టల్లో చేరిన మొదటి వారం పేరు కూడా అడగలేదు. ‘సీమోడా? ఇంట్లో బాంబులుంటాయా?’ అని అడిగినారు. మా నాయన శెనక్కాయ వేసి ఏడాదంతా మొగులుకల్లా చూసే మనిషి, జీవితంలో కత్తి పట్టింది కొబ్బరికాయ కొట్టడానికే. సినిమాల్లో విలన్‌కి మా యాస పెడతారు కాబట్టి నోరు తెరిస్తే చాలు అందరూ నవ్వడం, లేకపోతే కొంచెం జరిగి కూర్చోవడం. ఒక సంవత్సరం నేను యాస మార్చుకొని మాట్లాడినా. ఇంటికి ఫోన్ చేస్తే మా అమ్మ ‘ఏంరా, ఎవరి మాదిరో మాట్లాడుతున్నావు’ అనింది.

ఇంకో రకం పిల్లోళ్ళు కూడా ఉన్నారు మాలో. ఎట్లాగూ భయపడుతున్నారు కదా, భయపెడదాం అని మీసం తిప్పడం మొదలుపెట్టినారు. వాళ్ళు అంతకుముందు చానా మెత్తని పిల్లోళ్ళు. నేను చూసినా. అందుకే ఆ ప్రాణి చెప్పిన మాట, నేను మంచివాడిని, బాధ నన్ను పిశాచిని చేసింది అనేది, నాకు పుస్తకం మాట అనిపించలేదు.

కోర్టు మెట్లు (కర్నూలు)

తమ్ముడూ, నీ బాధ అర్థమైంది. మీసం తిప్పిన మీ స్నేహితులు ఎవరినీ చంపలేదు కదా. నేను ఇక్కడ జూనియర్ లాయర్‌ని. చదువుతూ వస్తున్నా, ఇప్పటిదాకా ఎవరూ జస్టిన్ పేరు ఎత్తలేదు. అందుకే రాస్తున్నా.

ఆ ప్రాణి విక్టర్ తమ్ముడు విలియం అనే చిన్న పిల్లాడిని చంపుతాడు. ఆ ఘట్టం కూడా జాగ్రత్తగా చదవాలి. దానికి ముందు, ఏట్లో కొట్టుకుపోతున్న అమ్మాయిని కాపాడితే ఆమె వెంట ఉన్న మనిషి తుపాకితో కాల్చాడు. ఆ గాయంతోనే వస్తున్నాడు. పిల్లాడిని చూడగానే అతనికి వచ్చిన ఆలోచన చంపడం కాదు. ఇంత చిన్నవాడికి ఇంకా అసహ్యం తెలిసి ఉండదు, తీసుకుపోయి పెంచుకుంటే నాకు తోడు ఉంటాడు అనుకుంటాడు. పిల్లాడు కేకలు పెట్టి, మా నాన్న ఫ్రాంకెన్‌స్టైన్, నిన్ను శిక్షిస్తాడు అంటాడు. ఆ పేరు వినగానే గొంతు పట్టుకుంటాడు. మీరంతా అడుగుతున్న మెట్టు ఇదే అని కొందరంటారు. ఆవేశంలో జరిగిన హత్య అది.

నాకు మాత్రం మెట్టు ఆ తర్వాతి అరగంట. పిల్లాడి మెడలో ఉన్న చిన్న బొమ్మ, విక్టర్ తల్లి చిత్రం, తీసుకొని పోతాడు. ఒక పాకలో నిద్రపోతున్న జస్టిన్ అనే పనిపిల్ల కనిపిస్తుంది. ఆమె బట్టల మడతలో ఆ బొమ్మ దోపి వెళ్ళిపోతాడు. ఇది ఆవేశం కాదు. సాక్ష్యం సృష్టించడం. రేపు ఏం జరుగుతుందో అతనికి తెలుసు. ఫీలిక్స్ పాఠాల్లో మనుషుల చట్టాలు, ఆస్తులు, ఎక్కువ తక్కువలు అన్నీ విన్నాడు. ఆ పాఠాల వల్ల, మనుషుల రక్తపు చట్టాల వల్ల కీడు చెయ్యడం నేర్చుకున్నానని అతనే అంటాడు. పేద పనిపిల్ల బట్టల్లో వస్తువు దొరికితే కోర్టు ఇంక వేరే ప్రశ్న అడగదని లెక్క వేశాడు. ఆ లెక్క తప్పలేదు. పాదిరి ఆమెను బెదిరించి చెయ్యని నేరం ఒప్పించాడు. ఉరి తీశారు.

మనుషులు మంచివాళ్ళు అనుకున్నన్నాళ్ళూ కట్టెలు కొట్టాడు. మనుషులు ఎంత అన్యాయంగా తీర్పు చెప్తారో తెలిశాక, ఆ అన్యాయాన్నే పనిముట్టుగా వాడుకున్నాడు. అదీ అతని చూపులో వచ్చిన అసలు మార్పు. జస్టిన్‌ను ఉరితీశాక, విక్టర్ పెళ్ళి చేసుకోబోయే ఎలిజబెత్ కూడా, ఇప్పుడు నాకు మనుషులే ఒకరి రక్తానికి ఒకరు ఆశపడే రాక్షసుల్లా కనిపిస్తున్నారు అంటుంది. ఆ మాట అన్నప్పుడు ఆమె ఆ ప్రాణిని చూసి కూడా లేదు.

పెన్నగట్టు (కడప)

మేడమ్, ఇది చాలా గట్టి పాయింట్. నేను ఈ కోణంలో ఎవరూ రాయగా చూడలేదు.

నంద్యాల రీడర్

తోడు కావాలని అడిగిన ఘట్టం గురించి ఎవరూ చెప్పలేదేం? నాలాంటి ఇంకో ఆడ ప్రాణిని చేసివ్వు, ఇద్దరం దక్షిణ అమెరికా అడవులకు పోతాం, మనుషుల కంటికి కనిపించం అంటాడు. మేకపిల్లనో గొర్రెపిల్లనో చంపి తినను, కాయలూ పండ్లూ నాకు చాలు అంటాడు. విక్టర్ ఒప్పుకొని, సగం చేసి, చివరికి ఆ ప్రాణి చూస్తుండగానే దాన్ని చీల్చి పారేస్తాడు. నా దృష్టిలో తిరిగి రాలేని చోటు అదే.

కోర్టు మెట్లు (కర్నూలు)

మీరన్నది నిజమే, ఆ తర్వాత అతను అడగడం మానేసి శపించడం మొదలుపెడతాడు. విక్టర్ ప్రాణస్నేహితుడు క్లెర్వల్‌ను చంపుతాడు, ఆ తర్వాత పెళ్ళిరాత్రి ఎలిజబెత్‌ను. అయితే విక్టర్ భయాన్ని కూడా పూర్తిగా కొట్టిపారేయలేం. ఆ రెండో ప్రాణికి ఆమె ఇష్టం ఆమెకు ఉంటుంది కదా, ఆమె పుట్టకముందే చేసుకున్న ఒప్పందానికి ఆమె ఎందుకు కట్టుబడాలి అని అతను ఒక క్షణం ఆలోచిస్తాడు. ఆ ఆలోచన సరైనది. దానికి అతను చేసిన పని ఘోరం.

బురుజు నీడ (కర్నూలు)

అమ్మా, మీ ఇద్దరి వాదనలూ బాగున్నాయి. నేను చివరి భాగం గురించి ఒకటి చెప్తా.

ఉత్తర ధ్రువం వైపు మంచు సముద్రంలో, ఆ యాత్రకు బయలుదేరిన వాల్టన్ అనే నాయకుడి ఓడలో విక్టర్ చనిపోతాడు. చనిపోయేముందు తన గతాన్ని తలచుకొని, నేను చేసినదాంట్లో తప్పు పట్టాల్సింది కనిపించడం లేదు అంటాడు. చదువుకున్నవాడు, మంచి కుటుంబంవాడు, అందరూ ప్రేమించినవాడు అన్న మాట ఇది. ఆ శవం దగ్గరికి ప్రాణి వస్తుంది. వాల్టన్ తిడతాడు. అప్పుడు వాడు రెండు మాటలూ అంటాడు. లోకమంతా నాకు అన్యాయం చేస్తే నేనొక్కడినే నేరస్థుడినా, స్నేహితుడిని గడప నుంచి తరిమిన ఫీలిక్స్‌ను, తన బిడ్డను కాపాడినవాడిని కాల్చిన ఆ మనిషిని మీరెందుకు అసహ్యించుకోరు అంటాడు. ఆ వెంటనే, నిజమే, నేను నీచుడిని, నిస్సహాయులను చంపాను అనీ అంటాడు. నాకు నేను ఎంత అసహ్యమో నీకు కూడా అంత కాదు అంటాడు. లోకం తప్పునూ తన తప్పునూ పక్కపక్కన పెట్టి చూడగలిగింది ఆ పుస్తకంలో వాడొక్కడే. పుట్టించినవాడికి అది చేతకాలేదు. గోడ సందులోంచి చూసి నేర్చుకున్న చదువు విశ్వవిద్యాలయం చదువుకంటే లోతుకు పోయింది.

వాల్టన్ సంగతి కూడా చూడండి. నవల మొదట్లో వచ్చే అతని ఉత్తరాల్లోనే, నాకు స్నేహితుడు లేడు అని అక్కకు రాసుకుంటాడు. అతనూ ఒంటరే, అతనికీ ఆశ ఎక్కువే. మంచు ఓడను చుట్టుముట్టినప్పుడు నావికులు వచ్చి, దారి తెరుచుకుంటే వెనక్కి పోదామని పట్టుబడతారు. విక్టర్ వాళ్ళను పిరికివాళ్ళని తిడతాడు. వాల్టన్ మాత్రం మనసు చంపుకొని ఓడ తిప్పుతాడు. వద్దు అని చెప్పేవాళ్ళు చుట్టూ ఉండటం, వాళ్ళ మాటకు తలొగ్గడం, నాకు అది కూడా ఒక రకంగా మనవాళ్ళు ఉండటమే అనిపిస్తుంది.

ఆరెకరాల మెట్ట (అనంతపురం)

సార్, మీ క్లాసులో కూర్చోలేకపోయినందుకు బాధగా ఉంది. నాకు ఇప్పుడు కొట్టొచ్చినట్టు కనిపిస్తున్నది ఒకటే. ఆ ప్రాణికి వద్దురా అని చెప్పేవాడు ఒక్కడు కూడా లేడు. పిల్లాడి గొంతు పట్టుకున్నప్పుడు చెయ్యి లాగేవాడు లేడు.

ప్రొద్దుటూరు సురభి

చదవడం మొదలుపెడదామనుకుంటున్నా. 1818 ప్రతి చదవాలా, 1831లో ఆమె మార్చింది చదవాలా?

పెన్నగట్టు (కడప)

1818ది చదవండన్నా. 1831లో విక్టర్‌ను విధి ఆడించినట్టు కాస్త ఎక్కువగా రాసింది, అందువల్ల అతని బాధ్యత తేలికైనట్టు నాకనిపిస్తుంది. ముందుమాట మాత్రం 1831దే చదవండి. 1816 వేసవిలో జెనీవా సరస్సు ఒడ్డున ఎడతెరిపి లేని వానలకు ఇంట్లోనే ఉండిపోయి, దెయ్యాల కథ రాయాలని పందెం వేసుకున్న సంగతి అందులో ఉంది. అంతకుముందు ఏడాది ఇండోనేషియాలో తంబోరా అగ్నిపర్వతం పేలినందువల్ల ఆ ఏడు యూరప్‌లో వేసవే రాలేదు. అప్పటికి ఆమెకు 18 ఏళ్ళు. అంతకు ఏడాది ముందు నెలలు నిండకుండా పుట్టిన కూతురు పోయింది. తను పుట్టిన పదిరోజులకే తల్లి పోయింది. కన్నవాళ్ళు లేని బిడ్డ గొంతు ఆమెకు అంత బాగా ఎట్లా వచ్చిందని నేను ఎవరినీ అడగాల్సిన పని లేదు.

బురుజు సార్ చెప్పిన చివరి అధ్యాయం మాట నాకు పూర్తిగా సమ్మతమే. తన తప్పును ఒప్పుకున్నాడు కాబట్టి వాడి మీద నాకు కోపం నిలవడం లేదు.

కోర్టు మెట్లు (కర్నూలు)

నాకు నిలుస్తోంది పెన్నగట్టు గారూ. ఎందుకో చెప్పి ముగిస్తా. ఆ చివరి మాటల్లో క్లెర్వల్‌ను తలుచుకుంటాడు, తన చేతులను చూసుకొని కుమిలిపోతాడు. ఫీలిక్స్ చేసిన అన్యాయం గుర్తుంది, కాల్చినవాడు గుర్తున్నాడు. జస్టిన్ పేరు మాత్రం ఎత్తడు. తన చేతులతో చంపినవాళ్ళను లెక్కలో వేసుకున్నాడు, కోర్టు చేత చంపించిన పిల్లను వేసుకోలేదు. ఆమె కూడా అతనిలాగే ఒకరి ఇంట్లో చోటు కోసం బతికిన మనిషి. కన్నతల్లి ఇష్టపడకపోతే ఫ్రాంకెన్‌స్టైన్ ఇంట్లో పనికి చేరి, వాళ్ళే నా వాళ్ళనుకుంది. ఆ ఇంటి పిల్లాడిని చంపిందని ఉరి తీస్తే, ఎలిజబెత్ తప్ప ఆ ఊర్లో ఎవరూ ఆమె తరఫున గట్టిగా నిలబడలేదు. అసలు దోషి ఎవరో మనసులో తెలిసిన విక్టర్ కూడా కోర్టులో నోరు విప్పలేదు. ఈ చర్చ చదివి నవల పట్టుకునేవాళ్ళు దయచేసి జస్టిన్ విచారణ జరిగే అధ్యాయం దగ్గర ఆగి, చివరి అధ్యాయం తీసి రెండూ పక్కపక్కన పెట్టుకొని చదవండి. ఆ తర్వాత వచ్చి మీకేమనిపించిందో ఇక్కడ రాయండి.